వేసవిలో ఆకుకూరల నిలువ



ఆకుకూర వాడిపోవుటను గుఱించి యుపన్యసించుటకు ఒక పంతులు కావలెనా యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వినను తప్పులేదు. అమరమును భారతమును చెప్పిన నోటితో తోటకూర మాట చెప్పుట నాకును క్రొత్తయే. అయినను భారతమునందే శాకపు కథ యొకటి కలదు గదా. దుర్వాసుడు శిష్యగణముతో వనమునకు వచ్చినపుడు, ద్రౌపది కడిగి బోర్లించిన అక్షయపాత్ర యంచున నంటియున్న కొంచెపు శాకమును శ్రీకృష్ణుడు నోట వేసికొనగా, వచ్చినవారి యాకలి యంతయు తీఱినది. మా నేలకొండపల్లిని విరాటుని పట్టణమని మా పెద్దలు చెప్పుకొందురు. ఆ మాట నిజమైనచో వలలుడను పేర భీమసేనుడు గరిటె పట్టిన వంటయిల్లును ఇచ్చటనే యుండవలెను. ఈ యెండలలో ఆయన రాజుగారి కూరలను ఎట్లు కాపాడెనో కవి చెప్పియుండినచో నా పని చాల సులభమై యుండెడిది.

మన ప్రాంతపు వేసవి మీకు నేను వర్ణింప నక్కఱలేదు. ఖమ్మము మొదలుకొని కొత్తగూడెము, భద్రాచలము వఱకు చైత్రము దాటినదో లేదో బండలు కాగిపోవును. వైశాఖ జ్యేష్ఠములలో ఎండ నలువదియైదు డిగ్రీలను దాటు దినములు అరుదు కావు. అట్టి దినమున తెల్లవాఱుజామున కోసిన తోటకూర కట్ట ప్రొద్దెక్కునప్పటికి తల వాల్చును. మధ్యాహ్నమునకు గుడ్డపేలికవలె నగును. సాయంకాలమునకు పసుపుపచ్చనై దుర్వాసన వేయును. పెరటిలో కష్టపడి నీళ్లు మోసి పెంచిన కూర పెంటకుప్పకు చేరును.

పోయినది రెండు కట్టల కూరయే గదా యనుకొనవద్దు. దానితో పోవునది మఱియొకటి కలదు. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థను మీరు వినియుందురు. ఆ సంస్థ 1918లో దక్షిణమున కూనూరునందు చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. అచ్చటి పండితులు 1971లో మన దేశపు ఆహారపదార్థముల గుణములను పట్టికలుగా వ్రాసి ప్రకటించిరి. ఆ పట్టికల ప్రకారము 100 గ్రాముల లేత తోటకూరలో 99 మిల్లీగ్రాములును, మునగాకులో 220 మిల్లీగ్రాములును ‘సి’ విటమిను కలదు. పిల్లలకు రేచీకటి రాకుండ కాపాడు ‘ఏ’ విటమినునకు మూలమైన పదార్థము కూడ ఈ ఆకులయందు సమృద్ధిగా నున్నది. పాలును నేయియు కొనలేని యింటికి ఈ రక్షణను ఆకుకూర యిచ్చును. ఇందు ‘సి’ విటమిను మిక్కిలి సున్నితమైనది. ఆకు వాడుచున్నకొలది అది తఱిగిపోవుచుండును. కావున వాడిన కూరను వండి పెట్టిన తల్లి కడుపు నింపుచున్నదే కాని, తాను పెట్టుచున్నాననుకొన్న బలము నంతయు పెట్టుట లేదు. ఇక గంప నెత్తిన బెట్టుకొని సంతకు పోవు స్త్రీల మాట. వారి కూర ఉదయమున పలికిన వెల మధ్యాహ్నమునకు సగమగును. ఆ మిగిలిన సగముతోనే వారు ఇంటికి ఉప్పు కొనవలెను.

నేను ఈ విషయమున మొదటి పాఠము నేర్చినది నా తప్పు వలననే. చాల సంవత్సరముల క్రిందట ఒక శ్రీరామనవమికి మా యూర సంతర్పణ తలపెట్టితిమి. రామదాసుగా లోకప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న పుట్టిన యూరు మాది. నవమి సంతర్పణలో లోటు రాకూడదని మాకు పట్టుదల. కూరల పెత్తనము నాకు అప్పగించిరి. ముందుచూపు గలవాడనని పేరు తెచ్చుకొనవలెనని, ముందటి సాయంకాలమే తోటకూరయు పుంటికూరయు బండెడు కోయించి, ఎండకు తగులకుండ గోనెసంచులలో గట్టిగా కూరించి, మూతులు కుట్టించి, కొట్టుగదిలో ఒకదానిపై నొకటి పేర్పించితిని. తెల్లవాఱి సంచి విప్పి చేయి పెట్టగా వెచ్చగా తగిలినది. పొయ్యిమీది కుండలో చేయి పెట్టినట్లుండెను. నడిమి సంచులలోని కూర నల్లబడి జిగురు కట్టినది. ఎండ లేదు, నిప్పు లేదు, తలుపు వేసిన చీకటిగది. ఈ వేడి యెచ్చటినుండి వచ్చినది? నేను దిక్కుతోచక నిలుచుండగా, కూరలు తఱుగుటకు వచ్చిన ఒక ముసలమ్మ నన్ను చూచి, “పంతులయ్యా, అంత కూరను గోనెలల్ల గుక్కి మూతులు కట్టిస్తిరి. కోసినంత మాత్రాన అది సచ్చిపోతదా? దానికి ఊపిరాడొద్దా?” అనినది. ఆ యేడు సంతర్పణలో పప్పును వంకాయయు వడ్డించితిమి.

ఆమె చదువుకొన్నది కాదు. అయినను శాస్త్రము చెప్పునదియు ఆ మాటయే. కోసిన ఆకు చచ్చినది కాదు. వేరునుండి విడిపోయినను దానియందు ప్రాణవ్యాపారము జరుగుచునే యుండును. ఆకు గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని, తనలో దాచుకొన్న చక్కెరను మెల్లగా కాల్చుకొని, బొగ్గుపులుసు వాయువును, నీటిని, వేడిని విడుచుచుండును. చెట్టున నున్నంతకాలము ఎండ సహాయముతో ఖర్చునకు మించిన యార్జన చేసెడిది. కోసిన పిదప ఆర్జన నిలిచినది, ఖర్చు మాత్రము నిలువలేదు. పెట్టెలోని రొక్క మెప్పుడు తీఱునో అప్పుడు దాని పని ముగియును. ఈ ఖర్చు వేడినిబట్టి హెచ్చును. పది డిగ్రీల వేడి పెరిగినచో ఊపిరి వేగము రెట్టింపు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నగును. 15 డిగ్రీల చల్లదనమున నాలుగు దినములు నిలువగల ఆకు 35 డిగ్రీలలో ఒక్క దినమైన నిలుచుట కష్టమని దీనివలన తేలుచున్నది. గోనెలో కుక్కినపుడు ఆ ఊపిరి వేడి బయటికి పోవు దారి లేదు. వేడివలన ఊపిరి వేగము, ఊపిరి వేగమువలన మఱింత వేడి. ఇట్లు ఒకదాని నొకటి పెంచుకొని తెల్లవాఱునప్పటికి కూర తనను తానే ఉడికించుకొన్నది.

ఆకు చెడుటకు ఇది మొదటి కారణము. రెండవది అందఱికి కనబడునది, నీరు తఱిగిపోవుట. ఆకు బరువులో నూటికి ఎనుబదియైదు మొదలు తొంబది పాళ్ల వఱకు నీరే. ఆకులోని ప్రతి కణము నీటితో బిగిసిన చిన్న తిత్తివంటిది. ఆ తిత్తులు బిగువుగా నున్నంతవఱకు ఆకు నిగనిగలాడును, సడలినచో వాలిపోవును. ఆకు అడుగుప్రక్క కంటికి కనబడని రంధ్రములు వేలకొలది కలవు. వానినుండియు, కొంత పైపొరనుండియు నీరు ఆవిరియై పోవుచుండును. వేరు ఉన్నపుడు పోయినదానికి మాఱుగా క్రిందినుండి నీరు వచ్చును. కోసిన పిదప వచ్చునది లేదు. కిలో బరువు గల కూరలో ఏబది గ్రాముల నీరు, అనగా చిన్న గిన్నెడు నీరు పోయిన చాలును, కొనువాడు దానిని చూచి మొగము త్రిప్పుకొనును. ఈ నీటిని దొంగిలించుటలో ఎండకంటె గాలి తక్కువది కాదు. నీడలో నున్నను వడగాలి తగులు చోట పెట్టిన కూర గడియలో వాడిపోవుట మీరెఱుగుదురు. చరకుడు తన సంహితయందు వర్జింపవలసిన శాకములను చెప్పుచు, పురుగు పట్టినది, గాలిచేతను ఎండచేతను చెడినది, ఎండిపోయినది, ముదిరినది, కాలము కాని కాలమున పుట్టినది అని లెక్కించినాడు. ఎండతో పాటు గాలిని గూడ ఆయన పేర్కొనుటను నేను చిన్ననాడు పాఠముగా వల్లించితినే కాని, దాని యర్థము గోనెసంచులు విప్పిన తరువాతగాని నాకు తెలియలేదు.

కావున మనము చేయవలసినది రెండు మాటలలో నున్నది: ఆకును చల్లగా నుంచవలెను, చెమ్మగా నుంచవలెను. కాని తడిగా నుంచరాదు. చెమ్మకును తడికిని గల భేదము చాలమంది యెఱుగరు. ఆకు చుట్టునున్న గాలి తేమగా నుండుట చెమ్మ. ఆకుమీద నీరు నిలుచుట తడి. చెమ్మ ఆకును కాపాడును, తడి కుళ్లించును.

పని కోతకు ముందే మొదలు కావలెను. రేపు కోయదలచిన మడికి ఈ సాయంకాలము నిండుగా నీరు పెట్టుడు. రాత్రియంతయు ఆకు నీరు త్రాగి తిత్తులు నింపుకొనును. తూర్పు తెల్లబడు వేళ, ఎండ పొడ తగులకముందే కోయుడు. అప్పుడు ఆకు చల్లగాను బిగువుగాను ఉండును. ఎండ వచ్చిన పిదప కోసిన కూర అప్పటికే కొంత నీరు ఖర్చుచేసికొని, తనలో వేడి నింపుకొని వచ్చును. దానిని చల్లార్చుటకే మన చల్లదనము సగము పోవును. తోటకూర, మెంతికూర, కొత్తిమీరలను వీలైనచో వేళ్లతోనే పెఱుకుట మంచిది. వేళ్ల మన్ను దులిపి, వేళ్లు మాత్రము మునుగునట్లు ముంతెడు నీటిలో నిలువబెట్టినచో పూలగుత్తివలె సాయంకాలము వఱకు నిలుచును. వేళ్లు లేనిచో కాడ చివరలను పదునైన కత్తితో మఱల కొంచెము కోసి నిలువబెట్టుడు. నలిగిన కాడ నీరు పీల్చదు.

కోసిన కూరను గట్టిగా కట్టవద్దు. సంతకు పోవు కట్టలు బిగువుగా నుండుట వాడుక. ఇంటికైనచో వదులుగా నుంచుట మేలు. పండుటాకులను, పురుగు తిన్నవానిని, నలిగినవానిని ఆ క్షణముననే ఏఱి పాఱవేయుడు. నలిగినచోట పసరు కాఱును, పసరున్నచోట కుళ్లు మొదలగును, ఆ కుళ్లు ప్రక్క ఆకునకు ప్రాకును. ఈ విద్య తెలిసినవారు తమలపాకుల వర్తకులు. వారి బుట్టను చూడుడు. అరటిదొప్పలు పఱచి, ఆకులు వరుసగా పేర్చి, పైన తడిపి పిండిన గుడ్డ కప్పి, ప్రతిదినము ఓపికతో విప్పి మచ్చపడిన యాకును తీసివేయుదురు. పది రూపాయల యాకునకు వారు చూపు శ్రద్ధలో నాలుగవపాలు మన కూరకు చూపినచో ఈ ప్రసంగమే అక్కఱలేదు.

దీనికి సరిగా తలక్రిందులైన విద్యయు మన యడవులలో నున్నది. వేసవిలో కోయవారును ఇతరులును తునికాకు సేకరింతురు. ఏబది యాకుల కట్టలు కట్టి, కల్లములలో ఎండకు పఱతురు. అచ్చట ఎండయు గాలియు స్నేహితులు. నీరు పోవుటయే కావలసినది. బీడీ యాకునకు మేలైనది కూరాకునకు కీడు. కల్లము ప్రక్కన కూరలగంప దించి విశ్రమించువారిని చూచినపుడెల్ల నాకు జాలి కలుగును.

ఇప్పుడు ముఖ్యమైన విషయమునకు వచ్చెదను. చల్లదనము ఎచ్చటినుండి తేవలెను? మన యింటి కూజాయే దానికి జవాబు. మట్టికూజా చెమర్చును; ఆ చెమట ఆవిరియగుచు కూజాలోని వేడిని లాగికొనిపోవును. ఎంత వేడియో వినుడు. ఒక లీటరు నీరు ఆవిరియై పోవునపుడు తనతో తీసికొనిపోవు వేడి, సుమారు ఏడు కిలోల మంచుగడ్డ కరగునపుడు మ్రింగు వేడికి సమానము. మంచుగడ్డ కొనవలెను, నీరు చెఱువులోనో బావిలోనో కలదు. ఎండ యెంత పొడిగా నున్న ఆవిరి అంత వేగముగా పుట్టును. వైశాఖమున మనలను బాధించు పొడిగాలియే కుండకు బలము. సముద్రతీరమున గాలి తేమగా నుండుటచేత కుండ యింత చల్లబడదు. ఈ విషయమున మనము అదృష్టవంతులము.

ఈ సూత్రముతో కూరలకు గూడు కట్టవచ్చును. కుమ్మరి యింటినుండి రెండు కుండలు తెండు. ఒకటి పెద్ద గాబు, రెండవది దానిలో నాలుగువ్రేళ్ల సందు మిగులునట్లు దిగు కుండ. రెండును కొత్తవై, నూనెయు రంగును తగులనివై యుండవలెను. రంగు పూసిన కుండ చెమర్చదు. అందముగా నుండును, పని చేయదు. గాబు అడుగున నాలుగువ్రేళ్ల మందమున ఇసుక పోసి, దానిపై చిన్నకుండను నిలిపి, చుట్టునున్న సందును పాలేటి యిసుకవంటి శుభ్రమైన ముతక యిసుకతో నింపుడు. ఆ ఇసుకను నీటితో తడుపుడు. కుండ మూతికి తడిపి పిండిన మందపు గుడ్డ కప్పుడు. గాబును నేలమీద పెట్టక మూడు ఇటుకలమీద నిలుపుడు, క్రిందనుండియు గాలి యాడవలెను. వసారాలో నీడపట్టున, గాలి వీచు చోట నుంచుడు. వంటయింటి మూల పెట్టిరేని ఆవిరి పోవు దారి లేక శ్రమ వృథా యగును. ఉదయము ఒకమాఱు, మధ్యాహ్నము ఒకమాఱు ఇసుకకు నీరు పోయుడు. పోసిన నీరు ఇసుకను తడుపవలెను కాని లోపలి కుండలో మడుగు కట్టరాదు.

కూరను ఇందులో పెట్టు క్రమమొకటి కలదు. కోసి తెచ్చిన వెంటనే కడవలోని చల్లని మంచినీటిలో అయిదు నిమిషములు ముంచి తీయుడు. దీనివలన పొలము వేడి దిగును, వాడినదానికి కొంత బిగువు వచ్చును. తరువాత నీరంతయు విదిల్చి, బట్టమీద పఱచి, ఆకుమీది నీరు ఆఱనీయుడు. ఆఱిన పిదప పలుచని నూలుబట్టలో వదులుగా చుట్టి కుండలో నిలువుగా పెట్టుడు. కుక్కవద్దు, నా గోనెసంచులను జ్ఞప్తియందుంచుకొనుడు. ప్రతి యుదయము బట్ట విప్పి చూచి, చెడిన యాకు తీసివేయుడు. వారమున కొకమాఱు కుండను కడిగి ఎండబెట్టుడు. బూజు ఒకమాఱు పట్టినచో ప్రతి కట్టకును అంటును.

ఇది నేను కల్పించినది కాదు. ఢిల్లీయందలి భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో సుశాంత కుమార రాయ్, ఖురాదియా అను శాస్త్రజ్ఞులు 1980 తరువాతి సంవత్సరములలో ఈ సూత్రముతోనే ఇటుకల గదిని రూపొందించిరి. రెండు ఇటుకగోడల నడుమ 7.5 సెంటీమీటర్ల సందు విడిచి ఇసుక నింపి తడుపుదురు. పైన వట్టివేళ్లతోనో గోనెతోనో అల్లిన మూత. కరెంటు అక్కఱలేదు. సుమారు 100 కిలోల కూరలు పట్టును. వేసవిలో బయట ఒక్క దినమైన నిలువని తోటకూర అందులో మూడు దినములు నిలిచినదని వారు వ్రాసిరి. ఊరి సంతకు కూర పంపు నలుగురైదుగురు రైతులు కలిసి ఇట్టి గది యొకటి కట్టుకొన్న ఎంతో మేలు. దూరదేశమైన నైజీరియాలో కుమ్మరుల వంశమున పుట్టిన మహమ్మద్ బా అబ్బా అను ఉపాధ్యాయుడు 1995 ప్రాంతమున రెండు కుండల విధానమును పల్లెలలో వ్యాపింపజేసి, 2000లో అంతర్జాతీయ బహుమానము పొందినాడు. బయట ఒక్క దినమున చెడు ఆకుకూర తన కుండలో పండ్రెండు దినములు నిలిచినదని ఆయన చెప్పెను. ఆ యెడారిగాలి యెంత పొడిగా నుండునో కాని, మా యింట మూడు దినములకు మించి నిలువలేదు. నాలుగవ దినమున రంగు మిగిలినను రుచి మిగులలేదు. మూడు దినములే మనకు చాలును. సంతకు సంతకు నడుమ ఇంటికి కావలసినది అంతే.

ఇప్పుడు పల్లెలలోను ఫ్రిజ్‌లు వచ్చినవి గదా యని మీ మనుమలు అందురు. ఉన్నవారు వాడుకొనవచ్చును. అందులో చల్లదనము చాల యెక్కువ, కావున కూర అయిదారు దినములైనను నిలుచును. కాని దాని గాలి పొడిగా నుండును. కూరను విప్పి పెట్టినచో అందులోను వాడును. బట్టలో చుట్టియే పెట్టవలెను. ప్లాస్టిక్ సంచియైనచో కొన్ని రంధ్రములు పొడువవలెను. మూతి బిగించిన ప్లాస్టిక్ సంచిని ఎండలో బండికి తగిలించి తెచ్చువారు నా గోనెసంచుల ప్రయోగమునే మఱల చేయుచున్నారు. తులసిదళములను మాత్రము ఫ్రిజ్‌లో పెట్టవద్దు. అంత చలికి తులసి నల్లబడును. పూజకు కోసిన తులసిని తడిగుడ్డలో చుట్టి నీడను ఉంచుటయే మేలు.

మామిడిపండ్లు మాగవేసిన గదిలో కూరను పెట్టరాదని మా యమ్మ చెప్పెడిది. కారణ మడిగిన “పండుతో ఉన్నది పండును” అని యనెడిది. అది నిజమే. పండుచున్న మామిడి, అరటి, టమాటలనుండి ఎథిలీను అను కంటికి కనబడని వాయువు వెలువడును. 1901లో రష్యా దేశమున నెల్యుబోవ్ అను విద్యార్థి, దీపపుగ్యాసులోని ఈ వాయువువలన బఠానీ మొలకలు వంకరపోవుటను కనిపెట్టెను. పండ్లు తామే ఈ వాయువును పుట్టించునని 1934లో ఇంగ్లండున గేన్ అను నతడు ఋజువుచేసెను. పండును పండించు నీ వాయువే ఆకును పసుపుపచ్చగా చేయును. కావున కూరలగంప వేఱు, పండ్లగంప వేఱు.

ఆకులన్నియు ఒక్క తీరువి కావు. కొత్తిమీర, మెంతికూర, తోటకూర త్వరగా నీరు కోలుపోవునవి. పాలకూర, చుక్కకూర నీటిపట్టు గలవి. వాడుటకంటె కుళ్లుట వానికి ముఖ్యభయము, కావున తడి బాగుగా ఆర్పవలెను. పుంటికూర కొంచెము మొండిది. బచ్చలియు గంగవాయిలియు దళసరి యాకులలో నీరు దాచుకొనునవగుటచే తక్కినవానికంటె ఓర్చుకొనును. మునగాకు మాత్రము నిలువ పనికిరాదు. వేడి తగిలిన కొన్ని గంటలలోనే రెమ్మనుండి ఆకులు రాలును. దానిని కొమ్మతో తెచ్చి ఆ పూటయే వండుకొనుడు. మిగిలినచో నీడలో పలుచగా పఱచి ఆఱబెట్టి పొడి చేసికొనుడు. ఎండలో పెట్టినచో పచ్చదనముతోపాటు గుణమును పోవును. పుంటికూర పచ్చడి సంగతి మన ఆడవారికి నేను చెప్పువాడను కాను.

ఒక హెచ్చరిక తప్పక చెప్పవలెను. వాడిన కూర నిగనిగలాడుటకై సంతలో కొందఱు ప్రక్క కాలువ నీటినే చల్లుదురు. ఆ నీటితో విరేచనముల రోగము ఇంటికి వచ్చును. మనము కొత్తిమీర, పుదీనలను పచ్చిగానే తిందుము. పట్టణములలో పాశ్చాత్యుల రీతిని లెట్యూస్ మొదలగు ఆకులను సలాడు పేర పచ్చిగా తినుట అలవాటగుచున్నది. అట్టి ఆకును రెండు మూడు నీళ్లు మార్చి కడుగవలెను. వండు ఆకునైనను ముందు కడిగి తరువాత తఱుగుడు. తఱిగి నీటిలో నానవేసినచో ‘సి’ విటమిను నీటిలో కరగి మోరీపాలగును.

వండిన కూర మాటయు కొంత. ఆకుకూరలయందు నైట్రేటు అను లవణము సహజముగా నుండును. దానివలన హాని యంతగా లేదు. వండిన కూరను వేసవి వేడిలో ఉదయమునుండి రాత్రి వఱకు గిన్నెలో నుంచినచో సూక్ష్మజీవులు చేరి దానిని నైట్రైటుగా మార్చును. ఇది పసిబిడ్డల రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని తగ్గించును. మఱల కాచినందున ఈ దోషము పోదు. పెద్దలమైన మనము తిని అరిగించుకొన్నను, ఏడాది నిండని బిడ్డకు ఉదయపు ఆకుకూరపప్పును రాత్రి మెత్తగా మెదిపి పెట్టవద్దని మీ కోడండ్రకు చెప్పుడు. పచ్చి కూరను కుండలో దాచి రాత్రికి వేఱుగా వండుటకు ఇంతకంటె మంచి కారణము అక్కఱలేదు.

మృగశిర ప్రవేశించి తొలకరి పడిన తరువాత కుండ చల్లబడుట తగ్గును. గాలి అప్పటికే నీటితో నిండియుండును గనుక ఆవిరి పుట్టదు. ఆ దినములలో కుండను నమ్మి కూర పెట్టినచో చల్లదనము రాకపోగా తడివలన కుళ్లును. అప్పుడు ఇసుక తీసి ఎండబోసి, కుండలను కడిగి ఆఱబెట్టి అటకమీద బోర్లించుడు. కూరను మేదరి జల్లెడలో పలుచగా పఱచి గాలి యాడు వసారాలో నుంచి, ఆ పూటకు ఆ పూట కోసికొనుడు; వానలలో మడి దగ్గరనే యుండును, ఆకు వాడుటకు వేసవివంటి తొందరయు లేదు. అటకమీది కుండలను మఱల ఫాల్గుణ మాసమున దించి, ఒక రాత్రి నీటిలో నానబెట్టి, కొత్త యిసుకతో నింపవలెను. పాత యిసుకలో ఉప్పు పేరుకొని కుండ సూక్ష్మరంధ్రములు పూడిపోవును. పూడిన కుండ ఎంత తడిపినను చెమర్చదు.